నేనూ – నా ఫ్రెంచి చదువూ

ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచిలో నాకు నూటికి తొంభై ఏడు మార్కులు వచ్చాయి.

గొప్ప కోసం చెప్పటం లేదు. సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి వెంటబడినప్పుడు, ముందు ఈ సిగ్గు సంగతి చెప్పుకుంటే తప్ప మిగిలినది రాయలేననిపించింది. యూనివర్సిటీలో చేరిన ఏడాది సాయంకాలం పూట నడిచే ఫ్రెంచి సర్టిఫికెట్ కోర్సులో పేరిచ్చాను. వచ్చిన భాషే గదా, ఇంకో కాగితం చేతికొస్తుందని ధీమా. మొదటి రోజు మేడం అందర్నీ పలకరిస్తూ నా దగ్గరికొచ్చి, ఇదివరకు చదివావా, ఎన్ని మార్కులొచ్చాయి అని ఫ్రెంచిలో అడిగారు. ప్రశ్న అర్థం కావటానికే అరనిమిషం పట్టింది. జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, తొంభై ఏడుని ఫ్రెంచిలో ఏమంటారో నాకు తెలీదు!

పారిస్ ఫ్రెంచిలో తొంభైకి విడిగా మాట లేదు. నాలుగు ఇరవైలు, పది, ఏడు – ‘కత్ర్ వేఁ దీ సెత్’ – అనాలి. బెల్జియంలోనూ స్విట్జర్లాండులోనూ తొంభైకి వేరే మాట ఉందిగాని ఫ్రాన్సులో మాత్రం ఈ లెక్కే. వచ్చిన మార్కుల్ని నోటితో పలకలేని మనిషికి ఆ మార్కులు ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. గైడు బట్టీ పట్టాను. ఎనిమిది ఉత్తరాలు, పది సారాంశాలు, ఖాళీలు పూరించటానికి కొన్ని పట్టికలు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను నోరు తెరవమనలేదు. అదృష్టవంతురాలిననుకున్నాను.

ఇక తెలుగెందుకు వదిలానంటే దాంట్లో రహస్యమేమీ లేదు. పద్యాలు, ప్రతిపదార్థాలు, సంధులు, ఛందస్సు... కష్టపడినా మార్కులు కోస్తారని అందరూ చెప్పారు. తెలుగు చెప్పే మాస్టారొకరు తమ సొంత కూతురి చేత సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచి తీసుకునేట్టు చేశారు. ఇక మాబోటివాళ్ళ మాట చెప్పాలా? సంస్కృతం తీసుకున్న మిత్రులదీ ఇదే కథ, వాళ్ళు నొచ్చుకోకుందురు గాక. భాష మీద ఇష్టంతో వెళ్ళినవాళ్ళు లేరని కాదు. నేను మాత్రం పారిపోయి వెళ్ళాను.

అలా పారిపోయి వెళ్ళిన చోట తెలుగు నన్ను పట్టుకుంది. ఎలాగో చెబుతాను.

మొదట ముక్కు సంగతి. ఫ్రెంచిలో ‘మంచి’ అనే మాటకి ‘బోఁ’ అనాలి. చివర ‘న’ కాదు, ‘మ’ కాదు, పెదవులు కలవకూడదు, నాలుక పైకి తగలకూడదు, ఊపిరి ముక్కులోంచి రావాలి. నేను వారం రోజులు ‘బోన్’ అనే అన్నాను. మా క్లాసులో ఎం.ఏ. తెలుగు చదువుతున్న అబ్బాయి ఒకడుండేవాడు. పల్లెటూరి బళ్ళో తెలుగు మీడియంలో చదివినవాడు, ఫ్రెంచి అక్షరం ముందు ముట్టనివాడు. వాడు రెండో రోజుకే చక్కగా పలికేశాడు. అదెలాగయ్యా అంటే, “మీరు ‘వస్తాను’ అని పూర్తిగా అంటారా? ‘వస్తాఁ’ అంటారు గదా. ఆ చివరి గాలే ఇది. మనవాళ్ళు దీనికి అరసున్న అని పేరు కూడా పెట్టుకున్నారు” అన్నాడు. పాత పుస్తకాల్లో సగం విరిగిన సున్నలా కనిపించేదాన్ని నేను ఇన్నాళ్ళూ అచ్చుతప్పు అనుకుంటున్నాను!

రాతకీ నోటికీ ఉన్న తగాదా కూడా అక్కడే అర్థమైంది. ఫ్రెంచిలో ‘వాళ్ళు మాట్లాడతారు’ అని రాస్తే క్రియ చివర మూడక్షరాలు ఉత్త అలంకారం, పలకరు. అంతేకాదు, వాళ్ళకీ మన గ్రాంథికంలాంటిది ఒకటుంది. కథల్లో, చరిత్రల్లో వాడే భూతకాలం ఒకటి. నోటితో చెప్పుకునే భూతకాలం వేరొకటి. మొదటిది చదివి తెలుసుకోవాలి తప్ప మామూలు మాటల్లో వాడితే నవ్వుతారు. గిడుగువారి పోరాటమంతా నాకు పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నగా కూడా తగలలేదు. అది దేని గురించో ఫ్రెంచి క్రియల పట్టిక ముందు కూర్చుంటే తెలిసింది.

లింగాల సంగతి వచ్చేసరికి క్లాసంతా గొల్లున నవ్వాం. వాళ్ళకి బల్ల ఆడది, కలం మగది. కుర్చీ ఆడది, పుస్తకం మగది. వందమంది ఆడవాళ్ళున్న గుంపులో ఒక్క మగాడు చేరితే చాలు, గుంపు మొత్తం మగవాళ్ళ సర్వనామంలోకి పోతుంది. ఏమి అన్యాయం అనుకున్నాను. ఆ రాత్రి హాస్టల్లో పడుకుని మన సంగతి ఆలోచించాను. ‘వాడు వచ్చాడు.’ సరే. ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది.’ ఒంటరిగా ఉన్నంతసేపూ ఆడదానికీ బస్సుకీ క్రియ ఒకటే! ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే మాత్రం ‘వచ్చారు’ – అప్పుడు మనుషుల్లో జమ. వ్యాకరణంలో దీన్ని మహత్తు, అమహత్తు అంటారట. మహత్తు ఎవరో వేరే చెప్పాలా? పుట్టిందగ్గర్నుంచీ మాట్లాడుతున్న భాషలో ఇంత సంగతి ఉందని పరాయి భాష చదివితే గాని కనబడలేదు.

‘తు’, ‘వు’ అని వాళ్ళకీ నువ్వు, మీరు ఉన్నాయి. తేలికే అనుకున్నాను. అభ్యాసంలో భాగంగా ‘నాన్నతో సంభాషణ’ రాయమంటే ‘వు’ పెట్టి రాశాను. మేడం ఎర్రసిరాతో కొట్టేసి ‘తు’ అని దిద్దారు. ఫ్రాన్సులో ఇప్పుడు అమ్మనీ నాన్ననీ ఇద్దర్నీ నువ్వనే అంటారు. మా ఇంట్లో అమ్మని నువ్వంటాను, నాన్నని మీరంటాను. అమ్మ నాన్నని మీరంటుంది, నాన్న అమ్మని నువ్వంటాడు. (చూశారా, ‘అంటుంది’, ‘అంటాడు’!) ఇది ప్రేమా, మర్యాదా, భయమా అని ఆ ఎర్రసిరా గీత చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మిత్రులు కొందరు ఇది మన సంస్కృతి అంటారు. కావచ్చు. అమ్మని మీరనమంటే అమ్మే ఒప్పుకోదు. అయినా ఆ దిద్దుబాటు నాకు నచ్చింది. ఒకటి మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసిందే. కొట్లోకి అడుగుపెడితే కావలసిన సరుకు అడిగే ముందు ‘బోంజూర్’ అనాలి. కొట్టువాడు మనకి నౌకరు కాడు, పలకరించి తీరాలి. ఇక్కడ మన కాంటీన్ కుర్రాణ్ణి మనం పిలిచే తీరు ఎవరికి వారే తలుచుకుందాం.

ఇంతవరకూ అంతా సరదాగానే సాగింది. తర్వాత కథ వచ్చింది.

ఆల్ఫోన్స్ దోదే రాసిన ‘ఆఖరి పాఠం’ కథ మీలో చాలామందికి ఇంగ్లీషులో తెలిసే ఉంటుంది. సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఉంది. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయి అల్సాస్ జర్మనీ వశమైంది. ఇకమీదట బళ్ళలో జర్మనే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. హామెల్ మాస్టారు ఆఖరిసారి ఫ్రెంచి పాఠం చెబుతాడు. ఊళ్ళోని ముసలివాళ్ళు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంటారు. ఫ్రాంజ్ అనే పిల్లవాడు చెప్పిన కథగా రాశాడు దోదే. 1873లో పుస్తకంగా వచ్చింది. క్లాసులో చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తెలుగు వదిలేసినదాన్ని, ఫ్రెంచి భాష కోసం ఏడ్చాను. ఎంత విడ్డూరమో చూడండి.

సంక్రాంతి సెలవులకి మా మామ్మ దగ్గరికి వెళ్ళాను. మామ్మది యానాం అవతల, గౌతమి ఇటు ఒడ్డున చిన్న ఊరు. ఆవిడకి ఫ్రెంచివాళ్ళంటే పరాసువాళ్ళు. యానాం 1954 దాకా వాళ్ళ ఏలుబడిలో ఉండేది. 1962లో చట్టరీత్యా మనదయింది. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయాలనుకున్నవాళ్ళంతా ఏరు దాటి యానాం పోయేవారట. ఊరికి కళ్యాణపురమని పేరే పడింది. మామ్మ వాళ్ళమ్మకి పదేళ్ళప్పుడు అక్కడే మూడుముళ్ళూ వేశారు. స్వేచ్ఛ, సమానత్వం అని లోకానికి చాటిన జెండా నీడలోనే! సరే, అది వేరే వ్యాసం.

“రోజూ ఆ పుస్తకం పట్టుక్కూర్చుంటావు, ఏం రాశారే అందులో?” అంది మామ్మ.

“పరాసువాళ్ళ కథ మామ్మా.”

“అయితే చెప్పు, వింటాను.”

చెప్పటం మొదలెట్టాను. రెండు వాక్యాలకే ఆగిపోయాను. మాటలు ఇంగ్లీషులో వస్తున్నాయి. నోటీసు బోర్డు, గ్రామర్, ఆర్డరు, ఆక్యుపై చేయటం... మామ్మ ఒక్కొక్కటే అందిస్తూ వచ్చింది. “దండెత్తి వచ్చారన్నమాట.” “తాఖీదు పంపారు.” “పంతులుగారు కొత్తబట్టలు కట్టుకొచ్చాడా? అయ్యో పాపం.” చివరికి కథ నేను చెప్పానో, ఆవిడ చెప్పిందో తెలీదు. అంతా విని మామ్మ ఒక ప్రశ్న వేసింది.

“కథ బావుందే. ఇంతకీ ఆ పిల్లాడు ఇంట్లో ఏం మాట్లాడేవాడు?”

“ఫ్రెంచే మామ్మా.”

“మరి ఫ్రెంచి మాట్లాడనూ రాయనూ రాదని పంతులు చివాట్లేశాడన్నావు? ఇంట్లో మాట్లాడే మాట రాకపోవటమేమిటే?”

నా దగ్గర జవాబు లేదు. సెలవులయ్యాక మేడంని అడిగాను. ఆవిడ నవ్వి, “ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు చాలా తక్కువ. మీ మామ్మగారికి నా నమస్కారాలు చెప్పు” అన్నారు. లైబ్రరీలో ఏమేం చూడాలో కూడా చెప్పారు.

అల్సాస్‌లో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడింది ఫ్రెంచి కాదు. అల్సేషియన్, అంటే జర్మన్‌కి చుట్టమైన యాస. ఫ్రాంజ్ అన్న పేరే చెబుతోంది! ఆ పిల్లవాడికి ఇంటిభాష ఒకటి, బడిభాష వేరొకటి. ఒక బడిభాష పోయి ఇంకో బడిభాష వచ్చింది. అతని సొంతమాట ఆ రెండు బళ్ళలోనూ లేదు. హామెల్ మాస్టారి దుఃఖం అబద్ధం కాదు. కాని ఇంట్లో మాటకి ఎవరూ ఆఖరి పాఠం చెప్పలేదు, ఎందుకంటే దానికి మొదటి పాఠమే లేదు.

అక్కణ్ణుంచి తవ్వుతూ పోయాను. ఫ్రెంచివాళ్ళు తమ భాషని ఎంత ప్రేమిస్తారో మనకి కథలుగా చెబుతారు. అదీ నిజమే. 1539లో ఒకటో ఫ్రాంస్వా రాజు కోర్టుల్లో లాటిన్ తీసేసి ఫ్రెంచి పెట్టాడు. 1635లో రిష్‌ల్యూ భాష కోసం అకాడెమీ పెట్టించాడు. నలభైమంది సభ్యులు, వాళ్ళకి ‘అమరులు’ అని బిరుదు. వాళ్ళ నిఘంటువు తొమ్మిదో కూర్పు పూర్తయ్యేసరికి 2024 అయింది. 1994లో ప్రకటనల్లోనూ సరుకుల పొట్లాల మీదా ఫ్రెంచి ఉండి తీరాలని చట్టం చేశారు. మన రోడ్ల మీద బోర్డులు చూసినప్పుడల్లా నాకు అసూయగా ఉంటుంది.

అయితే నాణేనికి రెండో వైపు ఎవరూ చెప్పరు. విప్లవం నడుస్తుండగా 1794లో గ్రెగ్వార్ అనే మతగురువు ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. దేశంలో ఫ్రెంచిని చక్కగా మాట్లాడగలిగినవాళ్ళు ముప్ఫై లక్షలకు మించరని, కనీసం అరవై లక్షలమందికి అసలు రాదని అందులో లెక్క కట్టాడు. అంటే వాళ్ళకి భాషే లేదని కాదు. బ్రెతన్, ఆక్సితాన్, బాస్క్, కోర్సికన్, అల్సేషియన్... ఎవరి భాష వారికుంది. నివేదిక పేరులోనే ఉంది: ఆ పల్లెమాటల్ని నిర్మూలించవలసిన అవసరమూ, మార్గాలూ! ఈ గ్రెగ్వార్ చెడ్డవాడు కాదు. నీగ్రోల బానిసత్వం పోవాలని, యూదులకి హక్కులు రావాలని పోరాడినవాడు. మంచివాళ్ళు కూడా పిల్లల నోళ్ళు కట్టేయగలరని నాకు అక్కడ తెలిసింది.

1881–82లో జూల్ ఫెర్రీ చట్టాలతో అందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు వచ్చింది. గొప్ప సంగతే. ఆ బళ్ళలోనే బ్రెతాఞ్ ప్రాంతపు పిల్లలు బ్రెతన్‌లో మాట్లాడుతూ దొరికితే మెడలో ఒక చెక్కముక్కో, పాత చెక్కచెప్పో వేలాడదీసేవారు. ఆ పిల్లవాడు బ్రెతన్‌లో మాట్లాడే ఇంకొకణ్ణి పట్టిస్తే దాన్ని వాడి మెడకి మార్చవచ్చు. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అల్సాస్‌లో ఫ్రెంచి మాట్లాడటం ‘షిక్’ అని, అంటే షోకు అని, ప్రచారం చేశారు. అదే దోదే గారి అల్సాస్! ఆ దోదేకే స్నేహితుడైన ఫ్రెడెరిక్ మిస్త్రాల్ దక్షిణాదిన ప్రొవాన్సాల్ భాషలో కావ్యాలు రాసి 1904లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ భాష పిల్లలకి బళ్ళో అంటరానిదే. 1951 దాకా ఇలాంటి ప్రాంతీయభాషలకి బళ్ళోకి చట్టం దారి ఇవ్వలేదు. 2008లో అవి ఫ్రాన్సు వారసత్వంలో భాగమని రాజ్యాంగంలో ఒక వాక్యం చేర్చారు. 2021లో పూర్తిగా ఆ భాషల్లోనే చదువు చెప్పే పద్ధతికి చట్టం చేస్తే, రాజ్యాంగ మండలి ఆ భాగాన్ని కొట్టేసింది.

మెడలో చెక్కముక్క సంగతి చదువుతున్నప్పుడు పుస్తకం మూసేశాను.

నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా. ఎవరు మాట్లాడారో క్లాసు లీడరు పేర్లు రాసి ఇవ్వాలి. ఆ లీడర్ని నేనే. ఆరో తరగతిలో తెలుగు మీడియం నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. రోజూ ఆమె పేరే. వరసగా రాశాను. మూడు నెలలకి ఆ అమ్మాయి పేరు జాబితాలోకి రావటం మానేసింది. ఇంగ్లీషు వచ్చిందనుకుని టీచరు మెచ్చుకుంది. ఇంగ్లీషు రాలేదు. ఆ అమ్మాయి మాట్లాడటం మానేసింది. ఏడో తరగతికి స్కూలు మారిపోయింది. నా చేతిరాత బాగుంటుందని నాకు అప్పట్లో బహుమతి కూడా ఇచ్చారు.

ఇదంతా తెలుగువాళ్ళకి జరిగిన అన్యాయం అని ఆపేస్తే సగమే చెప్పినట్టు. మామ్మ ప్రశ్న మనల్నీ వదలదు. పాడేరు కొండల్లో, ఆదిలాబాదు అడవుల్లో బడికొచ్చే పిల్లవాడు ఇంట్లో ఏం మాట్లాడతాడు? కువి, గోండి, కోయ, సవర. వాడికి మన తెలుగు వాచకం హామెల్ మాస్టారి ఫ్రెంచి వాచకమే. పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, వాళ్ళ పిల్లలకి బడులు నడిపారు. 1931లో సవర భాషకి వ్యాకరణం ప్రచురించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి తెలుగు భాష గురించి మాట్లాడతాం. సవర మాట ఎత్తేవాళ్ళు నాకు తగల్లేదు. గ్రెగ్వార్‌కి జవాబు చెప్పిన మనిషి మన దగ్గరే ఉన్నాడని నాకు ఫ్రెంచి చదివితే తెలిసింది. తెలుగు చదివి ఉంటే ముందే తెలిసేదేమో!

“అయితే ఫ్రెంచి మానేయమంటావా?” అని మిత్రులు అడుగుతున్నారు. ఎందుకు మానాలి? ఫ్రాన్సుకో కెనడాకో వెళ్ళేవాళ్ళకి అది అన్నం పెడుతుంది, తప్పేముంది? నేనంటున్నది ఒకటే. తెలుగు తీసేసి ఆ కుర్చీలో ఫ్రెంచిని కూర్చోబెట్టకండి. పక్కన ఇంకో కుర్చీ వేయండి. ఇంటర్మీడియట్ సంగతి మన చేతుల్లో లేదు గాని, యూనివర్సిటీలో మన చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఫ్రెంచి పరీక్షలో మూడోవంతు మార్కులైనా నోటితో మాట్లాడించి ఇవ్వాలి. అప్పుడు నాలాంటి తొంభై ఏళ్ళు – క్షమించాలి, తొంభై ఏడులు – తగ్గుతాయి. దాంతోబాటు తెలుగు శాఖా ఫ్రెంచి విభాగమూ కలిసి అనువాదాల తరగతి ఒకటి పెట్టాలి. ఎదురెదురు వరండాల్లో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఫ్రెంచి సాహిత్యం మనకి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే వచ్చింది. హ్యూగో నవల ఆధారంగా 1950లో ‘బీదల పాట్లు’ సినిమా వస్తే నాగయ్యగారి జాఁ వల్జాఁని మనవాళ్ళు సొంతం చేసుకున్నారు. సూటిగా ఆ భాషలోంచి ఈ భాషలోకి తెచ్చే చేతులు మన కాలేజీలోనే తయారవచ్చు. సంఘం వారు ఈ ఏడాది తీర్మానాల్లో ఈ ఒక్కటీ పెడితే, కాంటీన్ తీర్మానం వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఎవరూ పెట్టకపోయినా మేమిద్దరం మొదలెట్టేశాం. నేనూ, ఆ ఎం.ఏ. తెలుగు అబ్బాయీ. గురువారం సాయంత్రాలు లైబ్రరీ మెట్ల మీద దోదే కథని తెలుగు చేస్తున్నాం. పలకని అక్షరాలు అతనికి నేను చెబుతాను. ఒత్తులూ, దీర్ఘాలూ నాకు అతను దిద్దుతాడు. నా కాగితం నిండా ఎర్రగా ఉంటోంది. కథ పూర్తయింది గాని పేరు తెగలేదు. ఫ్రెంచిలో ‘క్లాస్’ అంటే పాఠమూ అవుతుంది, బడీ అవుతుంది. నేను ‘ఆఖరి పాఠం’ అంటున్నాను. అతను ‘ఆఖరి బడి’ అంటున్నాడు. పండక్కి వెళ్ళినప్పుడు మామ్మని అడుగుతాను.